కవితలు చేరాయి, కథలు దారి తప్పాయి: ఒక న్యూస్‌లెటర్ సేవలో ఈమెయిల్ ధ్రువీకరణ

సంస్థ పేరు, ఊరు, ఖాతాదారుల వివరాలు ఇందులో ఉండవు. సాంకేతిక విషయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను. మెయిలు నిజంగా ఆ డొమైనువారే పంపారా అని తేల్చే పద్ధతులు మూడు: పంపే అనుమతి ఉన్న సర్వర్ల జాబితా ఎస్‌పీఎఫ్, మెయిలు మీది డిజిటల్ సంతకం డీకిమ్, ఆ రెండూ తప్పిన మెయిలును ఏం చేయాలో చెప్పే ఆదేశం డీమార్క్. వీటిని అమర్చుకోవడం మీద పాఠాలకు కొదవ లేదు. వాటిలో చాలావరకు డొమైను వివరాలుండే డీఎన్‌ఎస్ రికార్డుల దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. ఈ కేసులో రికార్డులన్నీ సక్రమంగా ఉన్నాకే అసలు చిక్కు బయటపడింది. తెలుగులో మెయిళ్లు పంపేవాళ్లకు అది ఇట్టే తగులుతుంది, ఇంగ్లీషులో పంపేవాళ్లకు అరుదు. అందుకే దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

నేపథ్యం

నలుగురైదుగురు పనిచేసే చిన్న సంస్థ. సాహిత్య పత్రికలు, పాఠశాలలు, విదేశాల్లోని తెలుగు సంఘాలు, కొన్ని స్వచ్ఛంద సంస్థల తరఫున న్యూస్‌లెటర్లు పంపుతుంది. డాలర్లలో నెలనెలా చెల్లించలేనివాళ్లు, ఫోను చేసి తెలుగులో మాట్లాడి పని చేయించుకోవాలనుకునేవాళ్లు వీరి దగ్గరికి వస్తారు. అద్దె సర్వర్ల మీద మెయిళ్లు పంపే పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రాము నడుస్తుంది. చందాదారుల జాబితా, సంచిక కూర్పు, పంపకం చూసుకునే ప్రోగ్రాము సంస్థ ఇంజనీరు స్వయంగా రాసుకున్నది. ఏళ్ల తరబడి పెద్ద ఇబ్బందేమీ లేకుండా నడిచింది.

2023 అక్టోబరులో గూగుల్, యాహూ కొత్త నిబంధనలు ప్రకటించాయి. 2024 ఫిబ్రవరి నుంచి అవి అమలులోకి వచ్చాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 దాకా, ఆపైన పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ ఉండాలి. డీమార్క్ రికార్డు కనీసం 'నన్' (ఏ చర్యా వద్దు) విధానంతోనైనా ఉండాలి. ఫ్రమ్ చిరునామాలో కనిపించే డొమైనుకు ఎస్‌పీఎఫ్ డొమైనుతోనో డీకిమ్ డొమైనుతోనో పొంతన కుదరాలి. ఒక్క నొక్కుతో చందా మానుకునే వీలుండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతాన్ని తాకకూడదు.

సంస్థ యజమాని వీటిని చదివి నిశ్చింతగానే ఉన్నారు. "మా ఖాతాదారుల్లో ఎవరూ రోజుకు ఐదువేలు పంపరు కదండీ" అన్నది ఆయన వాదన. లెక్క ఫ్రమ్ డొమైను మీద కడతారు కాబట్టి అందులో నిజం లేకపోలేదు. అయినా అందరినీ భారీగా పంపేవాళ్లుగానే చూద్దామని నేను పట్టుబట్టాను. పండగ సంచిక రోజున ఒక సంఘం ఆ గీత దాటితే చాలు, గూగుల్ లెక్కలో అది ఎప్పటికీ భారీగా పంపే డొమైనే. తరవాత తగ్గించి పంపినా ఆ ముద్ర పోదు. పైగా అందరూ ఒకే ఐపీల నుంచి వెళ్తున్నారు. ఒకరి చెడ్డపేరు పక్కవారికి అంటడానికి ఎంతోసేపు పట్టదు.

వచ్చిన సమస్య

నన్ను పిలిచేసరికి రెండు రకాల ఫిర్యాదులు ఉన్నాయి. ఒక పాఠశాల మెయిళ్లను జీమెయిల్ 550 5.7.26 అనే సంఖ్యతో తిరగ్గొడుతోంది. కొన్ని చిన్న పత్రికల మెయిళ్లు తిరిగి రావడం లేదు, నేరుగా స్పామ్‌లోకి పోతున్నాయి. రెంటికీ మూలం ఒకటేనని ఇంజనీరు అనుమానం. హెడర్లు తెరిచి చూపించారు: ఎస్‌పీఎఫ్ పాస్.

పాసే, కానీ ఎవరి డొమైనుకు? ఎస్‌పీఎఫ్ చూసేది కవరు మీది చిరునామాను. పాఠకుడికి కనిపించే ఫ్రమ్ చిరునామా కవరు లోపలి ఉత్తరం మీది సంతకం లాంటిది. ఇక్కడ కవరు మీద సేవాసంస్థ డొమైను ఉంది, లోపల పాఠశాల డొమైను ఉంది. సేవాసంస్థ ఐపీలకు సేవాసంస్థ డొమైను అనుమతి ఇచ్చింది కాబట్టి ఎస్‌పీఎఫ్ పాస్ అవుతుంది. డీమార్క్ అడిగేది వేరు: ఆ పాస్ అయిన డొమైనూ ఫ్రమ్ డొమైనూ ఒకే ఇంటివేనా? కావు. డీకిమ్ సంతకం అసలే లేదు. పాఠశాల కార్యాలయ మెయిళ్లను ఎవరో శ్రద్ధగా అమర్చి డీమార్క్‌ను 'రిజెక్ట్' (తిరగ్గొట్టు) మీద పెట్టారు. జీమెయిల్ ఆ ఆదేశాన్ని పాటించింది, అంతే. ఆ పేరు తెలియని వ్యక్తి పని నాకు ముచ్చటగా అనిపించింది. తన డొమైను పేరుతో ఎవరు పంపాలో ముందే తేల్చిపెట్టుకున్న ఖాతాదారు వీళ్ల జాబితాలో ఆ ఒక్క పాఠశాలే.

స్పామ్‌లోకి పోతున్న పత్రికల కథ వేరు. వాటికి సొంత డొమైన్లు లేవు. ఫ్రమ్‌లో జీమెయిల్ చిరునామానే పెట్టి పంపుతున్నారు. జీమెయిల్ చిరునామాను ఫ్రమ్‌లో పెట్టుకుని బయటి సర్వర్ల నుంచి పంపితే క్వారంటైన్ (స్పామ్‌లో పెట్టు) విధానం వర్తింపజేస్తామని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది. యాహూ ఈ పని 2014 ఏప్రిల్‌లోనే చేసింది, అదీ 'రిజెక్ట్'తో.

మొదటి నిర్ణయాలు

జీమెయిల్ చిరునామాల పత్రికలకు రెండు దారులు ఉన్నాయి. డొమైను కొనిపించడం ఒకటి, ఫ్రమ్‌లో సేవాసంస్థ డొమైనే పెట్టి పత్రిక పేరు చూపిస్తూ, జవాబులు మాత్రం వారి జీమెయిల్‌కే వెళ్లేలా చేయడం ఇంకొకటి. మొదటిదే సరైనది. అయితే సొంత డబ్బుతో పత్రిక నడిపే పెద్దమనిషిని రేపటికల్లా డొమైను కొనమనలేం. అందుకని రెండో దారిని తాత్కాలికంగా తీసుకున్నాం, ఒక షరతుతో: అందుకోసం వేరే డొమైను వాడాలి, సంస్థ రోజువారీ మెయిళ్లు నడిచే డొమైనును ముట్టుకోకూడదు. ఇరవై పత్రికలు ఒకే డొమైను కింద వెళ్తున్నప్పుడు ఒక పత్రిక పాత జాబితా తవ్వి పంపినా మచ్చ అందరిమీదా పడుతుంది. సంస్థ బిల్లులు, జవాబులు కూడా ఆ మచ్చలో చిక్కుకోవడం అనవసరం.

సొంత డొమైను ఉన్నవారిని ఏ రికార్డులు పెట్టమనాలన్నది తరవాతి ప్రశ్న. ఇంజనీరు రాసుకున్న పత్రంలో మొదటి సూచన ఇది: "మీ ఎస్‌పీఎఫ్ రికార్డులో మా ఇంక్లూడ్ చేర్చండి." ఇంక్లూడ్ అంటే వేరే డొమైను జాబితానూ కలుపుకోమనే సూచన. ఆ వాక్యాన్ని కొట్టేయించాను. కవరు చిరునామా ఖాతాదారు డొమైను కింద ఒక ఉపడొమైనులో ఉంటే, ఉదాహరణకు 'బౌన్స్' అనే పేరుతో, అవతలి సర్వరు ఆ ఉపడొమైను ఎస్‌పీఎఫ్‌నే చదువుతుంది. ప్రధాన డొమైను ఎస్‌పీఎఫ్ వైపు తొంగి కూడా చూడదు. దాన్ని కదిలిస్తే వచ్చే లాభం లేదు, నష్టం మాత్రం ఉంది. ఎస్‌పీఎఫ్ తనిఖీలో డీఎన్‌ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదని ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7208 నియమం. ఇంక్లూడ్ లోపలి ఇంక్లూడులూ ఆ లెక్కలోకే వస్తాయి. ఒక స్వచ్ఛంద సంస్థ డొమైనులో అప్పటికే రెండు వేర్వేరు ఎస్‌పీఎఫ్ రికార్డులు ఉన్నాయి, పాత సేవ వాళ్లు ఒకటి, కార్యాలయ మెయిలు వాళ్లు ఒకటి పెట్టించినవి. రెండు ఉంటే రెండూ చెల్లవు, ఫలితం శాశ్వత దోషం. అక్కడ మూడోది పెట్టించకుండా ఉన్న రెంటినీ ఒకటిగా కలిపించాం.

చివరికి ఖాతాదారుకు ఇచ్చినవి మూడు రికార్డులు. డీకిమ్ సెలెక్టరుకు (సంతకం సరిచూసే తాళం ఏ పేరు కింద ఉందో చెప్పే గుర్తు) ఒక సీనేమ్ (వేరే పేరు వైపు చూపే రికార్డు), బౌన్స్ ఉపడొమైనుకు ఒక సీనేమ్, డీమార్క్‌కు ఒక టీఎక్స్‌టీ (పాఠం రాసే రికార్డు). డీకిమ్ తాళాన్ని నేరుగా టీఎక్స్‌టీగా ఇవ్వకపోవడానికి రెండు కారణాలు. 2048 బిట్ల తాళం 255 అక్షరాల ఒక్క ముక్కలో పట్టదు, ముక్కలుగా అతికించాలి. ఆ పని పాఠశాల గుమస్తా చేతికి ఇస్తే ఎక్కడో ఒక ఉల్లేఖన చిహ్నం జారిపోతుంది. రెండోది, రేపు తాళం మార్చాలంటే ప్రతి ఖాతాదారుకూ మళ్లీ ఫోను చేయాలి. సీనేమ్ ఉంటే మార్పు మన వైపే జరిగిపోతుంది.

ఇక్కడి తడబాట్లు అందరికీ తెలిసినవే కాబట్టి త్వరగా చెప్పి వదిలేస్తాను. కొన్ని డీఎన్‌ఎస్ ప్యానెళ్లు పేరు చివర డొమైనును వాటంతటవే తగిలిస్తాయి. పూర్తి పేరు అతికించినవారి రికార్డు చివర డొమైను రెండుసార్లు వచ్చి కూర్చుంది. డీఎన్‌ఎస్‌కు క్లౌడ్‌ఫ్లేర్ సేవ వాడేవారు సీనేమ్‌లను ప్రాక్సీ (మధ్యవర్తి సర్వరు) మీద వదిలేశారు, ఆ నారింజరంగు మబ్బును ఆర్పేదాకా సంతకం తాళం దొరకలేదు. డీమార్క్ నివేదికలు సేవాసంస్థ చిరునామాకు రావాలంటే సేవాసంస్థ తన డొమైనులో 'వీరి నివేదికలు నేను తీసుకుంటాను' అని ఒప్పుకునే రికార్డు పెట్టాలి. అది పెట్టేవరకు ఒక్క నివేదికా రాలేదు.

చందా మానుకునే హెడర్ల గురించి ఒక్కమాట. లిస్ట్ అన్‌సబ్‌స్క్రైబ్, దాని జత పోస్ట్ హెడర్ రెండూ డీకిమ్ సంతకం పరిధిలో ఉండాలని ఆర్‌ఎఫ్‌సీ 8058 చెబుతుంది. అసలు చందా తీసివేత లింకు తెరవగానే జరగకూడదు, పోస్ట్ అభ్యర్థన (బటన్ నొక్కితే వెళ్లేది) వచ్చినప్పుడే జరగాలి. మెయిలు తనిఖీ చేసే యంత్రాలు లింకులన్నీ ముందుగా తెరిచి చూస్తాయి. తెరిస్తేనే చందా పోయే ఏర్పాటులో, పాపం, పాఠకుడికి తెలియకుండానే పాఠకుడు పోతాడు. ఈ ప్రోగ్రాములో అదే జరుగుతోంది. సరిచేశాం.

అంతా పచ్చగా ఉన్న రోజుల్లో

కొన్ని వారాలకు నివేదికలు చక్కబడ్డాయి. పాఠశాల మెయిళ్లు చేరుతున్నాయి. నివేదికలను పటంగా చూపించే పనిముట్టులో అన్నీ పచ్చగీతలే.

ఇంతలో ఒక సాహిత్య పత్రిక డీమార్క్‌ను క్వారంటైన్‌కు పెంచమని తొందరపెట్టింది. పత్రిక పేరుతో ఎవరో చందా డబ్బు అడుగుతూ నకిలీ మెయిళ్లు పంపారు. సంపాదకులు పెద్దవారు, పరువు విషయంలో పట్టుదల ఉన్నవారు. ఆ డొమైను నుంచి న్యూస్‌లెటర్ తప్ప వేరే మెయిళ్లు దాదాపు లేవు, నివేదికల్లో తెలియని సర్వర్లు కనబడలేదు. పెంచడం సబబే అనిపించింది, పెంచాం.

ఆ పత్రిక నెలకు రెండు సంచికలు పంపుతుంది, ఒకటి కవితలది, ఒకటి కథలు, వ్యాసాలది. కొద్ది రోజులకు సంపాదకులు ఇంజనీరుకు ఫోను చేశారు. "బాబూ, అమెరికాలో మన పాఠకులు కొందరికి కవితల సంచిక వచ్చిందట, కథల సంచిక రాలేదట. ఇదేం వింత?" ఇంజనీరు నవ్వి ఊరుకోకుండా ఆ పేర్లు రాసుకున్నారు. వాళ్లలో చాలామందివి విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థులకిచ్చే చిరునామాలు. అక్కడికి వచ్చిన మెయిలు వారి సొంత జీమెయిల్‌కు ఫార్వర్డ్ అవుతుంది.

ఫార్వర్డ్ అయితే ఎస్‌పీఎఫ్ నిలవదు. మెయిలు ఇప్పుడు విశ్వవిద్యాలయం సర్వరు నుంచి వస్తుంది, ఆ ఐపీకి పత్రిక అనుమతి లేదు. ఫార్వర్డ్ చేసే సర్వరు కవరు చిరునామాను తన పేరుకు మార్చుకుంటే ఎస్‌పీఎఫ్ పాస్ కావచ్చు, పొంతన మాత్రం పోతుంది. అలాంటి చోట మెయిలును కాపాడేది డీకిమ్ ఒక్కటే. అది మెయిలు ఒంటి మీది సంతకం, ఎన్ని చేతులు మారినా చెరగకూడదు. కవితల సంచికకు చెరగలేదు. కథల సంచికకు చెరుగుతోంది.

తప్పిన ప్రయత్నాలు

ఇంజనీరు మొదట తాళం పొడవును అనుమానించారు. 2048 బదులు 1024 పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒకే తాళంతో కవితల సంచిక పాస్ అవుతున్నప్పుడు తప్పు తాళానిది కాలేదు. కారణం తెలియకుండా భద్రత తగ్గించడం మొదలుపెడితే ఆ తరవాత దాన్ని తిరిగి పెంచే రోజు రాదు.

కథల సంచికలో లింకులు ఎక్కువ, బొమ్మలు ఎక్కువ, అందుకే స్పామ్ వడపోతకు చిక్కుతోందేమోనన్నది ఇంకో ఊహ. లింకులు తీసేసి కొద్దిమందికి పంపి చూశారు. మార్పు లేదు.

మూడోది నేను సూచించినదే. డీకిమ్ సంతకం చేసే ఓపెన్‌డీకిమ్ అనే ప్రోగ్రాము, మనం ఏమీ చెప్పకపోతే, 'సింపుల్' పద్ధతిలో సంతకం చేస్తుంది, అందులో దారిలో ఒక ఖాళీ అటూ ఇటూ అయినా సంతకం చెల్లదు. 'రిలాక్స్‌డ్'కు మార్చాం. అది వరుసగా ఉన్న ఖాళీలను ఒకటిగా లెక్కిస్తుంది, లైను చివరి ఖాళీలను వదిలేస్తుంది. మంచి మార్పే, ఇప్పటికీ అలాగే ఉంచాం. కానీ కథలు మాత్రం చేరలేదు. ఈ వైఫల్యం ఒక ఆచూకీ ఇచ్చింది: దారిలో మారుతున్నది ఖాళీలు కావు, అంతకంటే పెద్దదేదో.

ఇక్కడ ఊహలు ఆపి కొలవాలనిపించింది. చిక్కేమిటంటే డీమార్క్ సమగ్ర నివేదికలో ఏ ఐపీ నుంచి ఎన్ని మెయిళ్లు వచ్చాయో, ఏది పాస్ అయిందో ఉంటుంది గానీ ఏ సంచిక అన్నది ఉండదు. శీర్షికలుండవు. అయితే గూగుల్ నివేదికలో డీకిమ్ ఫలితం పక్కన సెలెక్టరు పేరు ఉంటుంది. కాబట్టి ఒకే తాళాన్ని రెండు సెలెక్టర్ల పేర్లతో పెట్టించాం, ఒకటి కవితల సంచికకు, ఒకటి కథలకు. తాళం ఒకటే, పేరే తేడా.

నివేదికలు వచ్చాయి. కవితల సెలెక్టరు అన్నిచోట్లా పాస్. కథల సెలెక్టరు అన్నిచోట్లా ఫెయిల్. ఫార్వర్డ్ అయినవే కాదు, నేరుగా వెళ్లినవి కూడా! నేరుగా వెళ్లినవాటిని ఎస్‌పీఎఫ్ ఒడ్డెక్కించింది. రెంటిలో ఒకటి పాస్ అయి పొంతన కుదిరితే డీమార్క్ పాస్. పటం చూపించే పనిముట్టు ఆ తుది ఫలితాన్నే పచ్చగా చూపించింది. ఫార్వర్డ్ అయినవి కొద్ది సంఖ్యలో వేరే ఐపీల కింద ఎర్రగా ఉన్నాయి. వాటిని మామూలుగా అందరూ ఫార్వర్డింగ్ గోల అని దాటేస్తారు. నా ఉద్దేశంలో అలాంటి పటాలు అమ్మేవాళ్లు తుది ఫలితం పక్కన ఎస్‌పీఎఫ్, డీకిమ్ వరుసలను అంతే పెద్దగా చూపించాలి. ఒక కాలు విరిగినా రెండో కాలి మీద నిలబడినంతసేపు ఎవరికీ తెలియని ఏర్పాటు ఇది.

మూడు బైట్ల మధ్య

ఒక పాఠకుణ్ని ఆ మెయిలు ఫార్వర్డ్ చేయమనకుండా, అసలు ఫైలుగా దించి జతచేసి పంపమని అడిగాం. సర్వరులో సంతకం చేసిన క్షణంలోని నకలు ఒకటి దాచిపెట్టి రెండూ పక్కపక్కన పెట్టాం. హెడర్లో కారణం స్పష్టంగానే ఉంది: బాడీ హ్యాష్ (లోపలి పాఠానికి వేలిముద్ర లాంటిది) సరిపోలలేదు. అంటే హెడర్లు కాదు, లోపలి పాఠమే మారింది.

తేడా ఒక కథలోని పొడవాటి పేరాలో దొరికింది. మాట మధ్యలో లైను తెగి ఒక ఖాళీ వచ్చింది. బైట్లలో చూస్తే ఇంకా విచిత్రం. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది, మొదటి రెండూ ఈ0 బీ0 గానీ ఈ0 బీ1 గానీ అయి ఉంటాయి. ఆ చోట ఈ0, బీ0 ఉన్నాయి. వాటి వెంటనే 0డీ, 0ఏ, 20, అంటే లైను ముగింపు, ఒక ఖాళీ. ఆ తరవాత ఒంటరిగా మూడో బైటు. ఒక అక్షరాన్ని నిలువునా కోసేశారు.

కోసింది పోస్ట్‌ఫిక్సే. మెయిళ్లు చేరవేసే ఎస్‌ఎమ్‌టీపీ నియమం ప్రకారం ఒక లైను, ముగింపు గుర్తులు పోగా, 998 బైట్లు దాటకూడదు. పోస్ట్‌ఫిక్స్ బయటికి పంపేటప్పుడు అంతకంటే పొడవైన లైను కనబడితే 998 దగ్గర తుంచి, లైను ముగింపూ ఒక ఖాళీ చేర్చి పంపుతుంది. ఓపెన్‌డీకిమ్ సంతకం చేసేది అంతకుముందు, మెయిలు లోపలికి వచ్చే దశలో. సంతకం పూర్తయ్యాక పాఠం మారిపోతోంది. ఏ తనిఖీ అయినా ఒప్పుకోకపోవడమే న్యాయం.

ఇది ఇంగ్లీషు న్యూస్‌లెటర్లలో ఎందుకు కనబడదో లెక్క వేస్తే తెలుస్తుంది. ఇంగ్లీషులో 998 బైట్లంటే 998 అక్షరాలు, ఏ నూట అరవై మాటలో. 'తెలుగు' అనే మాట కంటికి మూడక్షరాలు, కంప్యూటరుకు ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. ఆ లెక్కన సుమారు యాభై మూడు మాటల పేరా చాలు, గీత దాటిపోతుంది. కథకులు అంతకంటే చిన్న పేరా రాస్తే ఆశ్చర్యపోవాలి. కూర్పు ప్రోగ్రాము ఒక్కో పేరాను ఒకే లైనుగా రాస్తోంది, కవితల్లో పాదానికో లైను పెడుతోంది. కవితలు చేరడంలోని రహస్యం అదే. హిందీ, తమిళం, కన్నడం, భారతీయ లిపులన్నిటికీ ఇదే లెక్క.

అప్పుడు ఇంజనీరుకు పాత విషయం ఒకటి గుర్తొచ్చింది. కథల మధ్యలో నల్ల వజ్రంలో ప్రశ్నగుర్తు లాంటి బొమ్మలు వస్తున్నాయని సంపాదకులు ఎప్పటినుంచో చెబుతూ ఉన్నారు. ఫాంటు సమస్య అని సర్దిచెప్పి, పాఠకులను బ్రౌజరు మార్చుకోమన్నారు. ఆ వజ్రాలు ఈ కోతకు మిగిలిన ముక్కలు. డీకిమ్ లేని కాలంలో అది అందవికారం మాత్రమే, డీకిమ్ వచ్చాక అదే మెయిలును చంపడం మొదలుపెట్టింది.

పనిచేసినది

ఇంజనీరు తక్షణ పరిష్కారం కనిపెట్టారు. పోస్ట్‌ఫిక్స్‌లో ఆ లైను పరిమితిని సున్నా చేస్తే అది తుంచడం మానేస్తుంది. చేశారు. జీమెయిల్‌లో కథల సెలెక్టరు వెంటనే పాస్ అయింది. సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఎగ్జిమ్ అనే ఇంకో మెయిలు ప్రోగ్రాము నడిపే కొన్ని సర్వర్లు, అందులోనూ డెబియన్ అనే లినక్స్ అమరికతో ఉన్నవి, లైను 998 దాటింది కనుక తీసుకోమని తిరగ్గొట్టాయి. వాటిదే ధర్మం. మన వైపు నియమం మీరి పంపి అవతలివాడు సర్దుకుపోవాలనుకుంటే ఎంతమంది సర్దుకుపోతారో ముందుగా తెలిసే దారి లేదు. పరిమితిని మళ్లీ యథాస్థానంలో పెట్టించాను.

సరైన చోటు సంతకానికి ముందు. పాఠాన్ని 8బిట్ రూపంలో వదలకుండా, దారిలో ఎవరూ ముట్టుకోనవసరం లేని ఏడు బిట్ల రూపంలోకి మార్చి, ఆపైన సంతకం చేయాలి. ఆర్‌ఎఫ్‌సీ 6376 సంతకం చేసేవారికి ఇదే సలహా ఇస్తుంది. పోస్ట్‌ఫిక్స్ లాంటి సర్వర్లు అవతలివైపు 8బిట్ తీసుకోనంటే పాఠాన్ని వాటంతటవే మార్చేస్తాయి, అప్పుడూ సంతకం పోతుంది. ముందే మార్చి ఉంచితే ఈ రెండో గండమూ తప్పుతుంది.

ఏ రూపం? కోటెడ్ ప్రింటబుల్‌లో ఒక్కో బైటుకు మూడు గుర్తులు, కాబట్టి ఒక తెలుగు సంకేతానికి తొమ్మిది. బేస్64లో మూడు బైట్లకు నాలుగు గుర్తులు, అంటే ఒక సంకేతానికి నాలుగు. 'తెలుగు' మాట మొదటిదానిలో 54 గుర్తులు, రెండోదానిలో 24. హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులు ఎక్కువ, తెలుగు తక్కువ ఉన్న మెయిలుకు కోటెడ్ ప్రింటబులే నయం, లాగ్‌లు కంటితో చదువుకోవచ్చు. కథల సంచికకు బేస్64. బేస్64 చూస్తే స్పామ్ వడపోతలు అనుమానిస్తాయని ఇంజనీరు భయపడ్డారు. మామూలు ఇంగ్లీషు పాఠాన్ని అకారణంగా బేస్64లో పెట్టినవారి విషయంలో ఆ భయానికి కొంత ఆధారం ఉంది. యూటీఎఫ్-8 అని ప్రకటించిన తెలుగు పాఠానికి బేస్64 సహజమైన రూపమే. చిన్న జట్టు పాఠకులకు పంపి చూశాం, తేడా లేదు. మొత్తానికి మార్చాం.

తరవాతి కథల సంచికకు కథల సెలెక్టరు పాస్ అయింది, ఫార్వర్డ్ చిరునామాల్లో కూడా. వజ్రాలు పోయాయి. సంపాదకులు వజ్రాలు పోయినందుకే ఎక్కువ సంతోషించారు.

అదే ప్రోగ్రాములో శీర్షికల ముడి కూడా విప్పాం. తెలుగు శీర్షికను హెడర్లో బేస్64 ముక్కలుగా పెడతారు, ఒక్కో ముక్క 75 గుర్తులు దాటకూడదు. గుర్తుల ఖర్చు పోగా 45 బైట్లు పడతాయి, సరిగ్గా పదిహేను తెలుగు సంకేతాలు. ప్రోగ్రాము 45 బైట్లకోసారి కళ్లు మూసుకుని కోస్తోంది. శీర్షిక ఒకే మాటగా ఉంటే కోత ఎప్పుడూ సందులోనే పడుతుంది. ఒక ఖాళీ వస్తే, అది ఒక్క బైటే కాబట్టి, లెక్క తప్పి అక్షరం చీలుతుంది. మూడు ఖాళీలు వస్తే మళ్లీ కుదురుతుంది! కొన్ని శీర్షికలే ఎందుకు చెడుతున్నాయో ఇంతకాలం ఎవరికీ అంతుబట్టకపోవడంలో వింతేమీ లేదు. ఇప్పుడు అక్షరాల హద్దు చూసి కోస్తోంది.

ఈ కేసు తరవాత మారిన పద్ధతులు

సంస్థ తనిఖీ జాబితాలో పరీక్ష మెయిలు అంటే "నమస్కారం, ఇది పరీక్ష" అనే ఒక్క లైను. అలాంటి మెయిలు ఎప్పుడూ పాసే. ఇప్పుడు పరీక్ష మెయిలులో విరామం లేని పొడవాటి తెలుగు పేరా, రెండు మూడు మాటల శీర్షిక, ఒక ఫార్వర్డ్ చిరునామా తప్పనిసరి. ఫలితంలో తుది పాస్ ఒక్కటే చూసి ఊరుకోరు. ఎస్‌పీఎఫ్, డీకిమ్ విడివిడిగా, ఏ డొమైనుకు పాస్ అన్నదీ రాసుకుంటారు. క్వారంటైన్‌కు వెళ్లేముందు డీకిమ్ తనంతట తాను, ఎస్‌పీఎఫ్ సాయం లేకుండా, నిలుస్తోందా అన్నది నా మొదటి ప్రశ్న అయింది.

సంతకం తరవాత పాఠాన్ని తాకే పని ఏదీ లేకుండా వరుస మార్చాం. చందా మానుకునే పాదసూచిక, లెక్కింపు బొమ్మ, అన్నీ సంతకానికి ముందే చేరాలి. కొత్త సౌకర్యం ఏది కలిపినా ఇంజనీరు ముందు అడిగేది ఇదే: ఇది సంతకానికి ముందా, వెనకా?

2025 మే 5 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా తన అవుట్‌లుక్ వినియోగదారు ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపే డొమైన్ల మీద ఇలాంటి నిబంధనలే పెట్టింది. అప్పటికే పని అయిపోయింది కాబట్టి ఈ సంస్థ ఆ రోజు ప్రత్యేకంగా ఏమీ చేయలేదు.

ఒకటి మిగిలే ఉంది. ఇంకో పాఠశాల డొమైను ఇప్పటికీ 'నన్' మీదే ఉంది. నివేదికలు చదివితే, ఫీజు రసీదులు పంపే సాఫ్ట్‌వేరు వేరే సర్వరు నుంచి అదే డొమైను పేరుతో, సంతకం లేకుండా పంపుతోందని తేలింది. ఆ సాఫ్ట్‌వేరు అమ్మినవాళ్లు డీకిమ్ గురించి అడిగితే "వచ్చే వెర్షనులో" అంటున్నారు. విధానం పెంచితే న్యూస్‌లెటర్ క్షేమంగానే చేరుతుంది, తల్లిదండ్రులకు రసీదులు అందవు. రసీదులను వేరే ఉపడొమైనుకు మార్చి, దానికి మాత్రం విడిగా 'నన్' రికార్డు పెట్టి, ప్రధాన డొమైనును గట్టిపరచవచ్చని పాఠశాల యాజమాన్యానికి రాశాం. జవాబు కోసం చూస్తున్నాం.